పూడిక తీస్తుంటే చెరువు గోడలో జిలేబీ మడతలు: ఇది భూకంపమేనా?

చెరువుగట్టు మధు
ఆదివారం రాత్రి 8:50

అందరికీ నమస్కారం. మాది పత్తికొండ వైపు ఒక పల్లె. ఈ ఎండాకాలం మా చెరువు పూర్తిగా ఎండింది. పూడిక మట్టి పొలాలకు తోలుకుంటున్నాం. వాగు వచ్చి చెరువులో కలిసే చోట జేసీబీ తవ్వితే ఆరడుగుల గోడ నిలువునా తెగింది. నల్ల బంకమట్టి, దాని మీద సన్న ఇసుక, మళ్ళీ నల్ల మట్టి, మళ్ళీ ఇసుక. అన్నీ చాప పరిచినట్టు చదునుగా ఉన్నాయి. పై నుంచి మూరెడు లోతున మాత్రం బెత్తెడు మందం పట్టీ ఒకటుంది. అందులో పొరలు జిలేబీ చుట్టినట్టు మెలికలు తిరిగినాయి. కొన్నిచోట్ల ఇసుక ముద్దలు మట్టిలోకి జారి వేలాడుతున్నాయి. ఆ పట్టీకి పైన, కింద మళ్ళీ చదునే.

మొన్న ఒక యూట్యూబ్ ఆయన వచ్చి వీడియో తీసుకొని, "ఇది భూకంపం ముద్ర, కింద అగ్నిపర్వతం కూడా ఉండొచ్చు" అని చెప్పి పోయినాడు. అప్పటి నుంచి ఊర్లో ఒకటే టెన్షన్. మా పెద్దనాయనైతే "మహారాష్ట్ర కిల్లారిలో భూకంపం వచ్చిన తెల్లారుజామున మనింట్లో ఇత్తడి చెంబులు మోగినాయి, ఇది ఆ దెబ్బే" అని తేల్చేసినాడు. ఫోటోలు పెట్టినాను. తెలిసినవాళ్ళు చెప్పండి.

బేతంచెర్ల బండలోడు
ఆదివారం రాత్రి 9:05

మధూ, మడత కనపడితే భూకంపం అనుకుంటే మా పాలిష్ యూనిట్‌లో రోజుకు నలభై భూకంపాలు. బండ కోస్తే అలలు, సుడులు, చెట్టు కొమ్మల్లాంటి నల్ల గీతలు, అన్నీ వస్తాయి. ఆ కొమ్మల బండను ఒకాయన "లక్షల ఏళ్ళ నాటి మొక్క" అని డబుల్ రేటు ఇచ్చి కొనుక్కొని పోయినాడు. మేం వద్దనలేదు.

పెన్నేటి పద్మ
ఆదివారం రాత్రి 9:20

బండలన్నా, అది మొక్క కాదు, మాంగనీసు. రాతి పగుళ్ళలోకి ఇంకిన నీళ్ళతో వచ్చి అట్లా కొమ్మలు కొమ్మలుగా గడ్డకడుతుంది. పాపం ఆయనకు ఫోన్ చేసి చెప్పొద్దులే.

మధూ, ఫోటోలు బాగున్నాయి. పక్కన పెన్నో, చెప్పో పెట్టి తీసుంటే ఇంకా బాగుండేది, కొలత తెలిసేది.

రాళ్ళ మాస్టారు
ఆదివారం రాత్రి 10:10

నేను అనంతపురంలో భూగర్భశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మధూ, ఒక్క ఫోటో చూసి భూకంపం అని చెప్పాలంటే జ్యోతిష్కుణ్ణి అడగాలి. నాకు ముందు కొన్ని సంగతులు కావాలి. ఆ మెలికల పట్టీ ఎంత దూరం సాగింది? గోడ పొడవునా ఉందా, పది అడుగులకే ఆగిందా? చెరువుకు అవతలి వైపు తవ్విన చోట కూడా అదే మట్టంలో కనిపిస్తోందా? పట్టీ పై అంచు చెక్కినట్టు చదునుగా ఉందా, మెలికలు పై పొరలోకి కూడా ఎక్కాయా? అక్కడ చెరువు అడుగు ఎటు వాలి ఉంది?

ఇవన్నీ ఎందుకంటే, చెరువు అడుగున కొత్తగా పడిన మట్టిని మట్టి అనకూడదు, అంబలి అనాలి. ఇసుక పొర కాస్త గట్టిగా కనిపిస్తుంది గానీ, అక్కడ కూడా రేణువు మీద రేణువు ఆనుకొని, మధ్య సందుల్లో నీళ్ళు నిండి ఉంటాయి. పై బరువంతా ఆ ఆనుడు మీదే నిలబడి ఉంటుంది. భూమి గట్టిగా ఊగితే రేణువులు కదిలి దగ్గర దగ్గరగా సర్దుకోబోతాయి. సందుల్లో నీళ్ళకు అంత త్వరగా బయటపడే దారి ఉండదు. అప్పుడు బరువు నీళ్ళ మీద పడుతుంది. ఇసుక కొద్దిసేపు పులుసులా పారుతుంది. దీన్నే ద్రవీకరణం అంటారు. ఆ కాసేపట్లోనే పైనున్న బరువైన పొర కుంగుతుంది, కిందున్న పలుచటి బురద పైకి తన్నుకొస్తుంది. ఊపు ఆగి నీళ్ళు బయటపడ్డాక ఎక్కడిదక్కడ బిగుసుకుంటుంది. మరుసటి ఏడు వరద దాని మీద మళ్ళీ చదునుగా పొర పరుస్తుంది. అందుకే కింద చదును, పైన చదును, మధ్యలో రచ్చ.

సెంట్రింగ్ ఖాజా
ఆదివారం రాత్రి 10:40

ఆదోని నుంచి ఖాజా. సార్ చెప్పింది మేం రోజూ చూస్తాం. పిల్లర్ బాక్సులో కాంక్రీటు పోస్తే గుట్టగా నిలబడుతుంది. వైబ్రేటర్ సూది దించగానే పాయసంలా పరుచుకుంటుంది. సూది తీస్తే మళ్ళీ నిలబడుతుంది. సూది ఎక్కువసేపు ఉంచితే కంకర అడుగుకు దిగి సిమెంటు పాలు పైకి తేలతాయి, మేస్త్రీ తిడతాడు. చెరువుకు భూకంపమే వైబ్రేటర్ అన్నమాట.

రాళ్ళ మాస్టారు
ఆదివారం రాత్రి 10:52

ఖాజా భాయ్, ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను, ఈ ఉదాహరణ నాకు ఒక్కరోజూ తట్టలేదు.

డౌట్ల దామోదర్
సోమవారం ఉదయం 7:15

అంతా బాగుంది సార్. కానీ ఈ మడతలు భూకంపానివే అని ఎట్లా తెలిసింది? భూకంపం వస్తున్నప్పుడు ఎవరైనా చెరువు అడుగున కూర్చొని చూసినారా?

పెన్నేటి పద్మ
సోమవారం ఉదయం 9:30

దాదాపు అదే జరిగింది దామోదర్ గారూ. 1971 ఫిబ్రవరి 9న కాలిఫోర్నియాలో శాన్ ఫెర్నాండో దగ్గర 6.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. అక్కడ వాన్ నార్మన్ అనే జలాశయం ఉండేది. ఆ ఊపుకు దాని కట్టలో ఇసుక పులుసై, కట్ట పైభాగం నీళ్ళలోకి జారిపోయింది. కట్ట ఏ క్షణాన తెగుతుందోనని దిగువనున్న సుమారు 80,000 మందిని ఖాళీ చేయించి, జలాశయం మొత్తం ఎండగట్టినారు.

ఎండిన అడుగును జాన్ సిమ్స్ అనే శాస్త్రవేత్త తవ్వి చూసినాడు. మీటరు మందం పూడికలో మూడు మట్టాల్లో మెలికల పట్టీలు దొరికినాయి. అన్నిటికన్నా పైది 1971 నాటిది. కింద రెండూ 1930లో, 1952లో ఆ ప్రాంతాన్ని ఊపిన భూకంపాలతో సరిపోయినాయి. ఆ పట్టీలు ఏ మూలనో ఒకచోట కాదు, రెండు చదరపు కిలోమీటర్ల మేర కనపడినాయి. మనం చేసే పూడికతీతే, కాకపోతే ఆయన ఆ మట్టిని పొలానికి తోలలేదు.

ఇంకా వెనక్కి పోతే 1958లో ఫిలిప్ క్యూనెన్ అనే డచ్ శాస్త్రవేత్త తొట్టిలో బంకమట్టి పోసి, దాని మీద ఇసుక పరిచి, తొట్టిని ఊపినాడు. ఇసుక పొర తునకలై, ముద్దలు ముద్దలుగా, మూత్రపిండాల ఆకారంలో మట్టిలోకి దిగింది. ముద్దకూ ముద్దకూ మధ్య నుంచి మట్టి సన్నగా నాలుకలు చాచినట్టు పైకి లేచింది. వరి మడిలో కాలు పెడితే వేళ్ళ సందుల్లో నుంచి బురద పైకి రాదూ, అచ్చం అట్లాగే. 1969లో ఆడాల్ఫ్ సైలాకర్ అనే జర్మన్ శాస్త్రవేత్త, భూకంపం చెదరగొట్టిన ఇట్లాంటి పొరలకు సైస్మైట్ అని పేరు పెట్టినాడు. మధు ఫోటోలో వేలాడుతున్న ఇసుక ముద్దలు చూస్తే నాకు క్యూనెన్ తొట్టే గుర్తొచ్చింది.

డౌట్ల దామోదర్
సోమవారం ఉదయం 9:41

అయితే తేలిపోయింది. భూకంపమే.

రాళ్ళ మాస్టారు
సోమవారం ఉదయం 10:00

ఏమీ తేలలేదు నాయనా. క్యూనెన్ తొట్టిని ఊపింది క్యూనెన్. మధు చెరువును ఊపింది ఎవరన్నదే మన ప్రశ్న.

ఇరిగేషన్ తాత
సోమవారం ఉదయం 11:20

నేను చెరువు కట్టల మీద ముప్పై నాలుగేళ్ళు వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసినవాణ్ణి. పుస్తకాల సంగతి తెలీదు, చెరువుల సంగతి చెప్తా.

వాగు కలిసే చోట అంటున్నావు కదా మధూ. ఏడాదంతా అక్కడ మెత్తటి బురద దిగుతుంది. ఒక రాత్రి కుండపోతగా వాన పడితే వాగు ఇసుకను మోసుకొచ్చి జానెడు మందాన ఆ బురద మీద గుమ్మరిస్తుంది. బురద ఆ బరువు మోయలేదు. సంగటి ముద్దను పలుచటి పప్పులో వేస్తే ఎట్లా దిగుతుంది? అట్లా దిగుతుంది. దీనికి భూమి ఊగాల్సిన పనేమీ లేదు.

ఇంకోటి. పంట చివర్లో తూము పూర్తిగా ఎత్తేసి నీళ్ళు గబగబా వదిలేస్తారు. బయట నీళ్ళు దిగిపోతాయి, గట్టు లోపలి మట్టి మాత్రం ఇంకా నాని ఉంటుంది. అప్పుడు లోపలి వాలు జారుతుంది. జారిన మట్టి అడుగు పొరలను చాప చుట్టినట్టు చుట్టేస్తుంది. ఇట్లా జారిన కట్టల కోసం నేను రాసిన ఎస్టిమేట్లు ఒక బీరువాకు సరిపోతాయి.

మన పెద్దోళ్ళకు చెరువు జబ్బులు బాగా తెలుసు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు అని చెక్కించినారు. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం కూడా అందులో ఒక దోషం. ఇప్పుడు రెండు రాష్ట్రాల నీళ్ళ గొడవ చూసినప్పుడల్లా నాకు ఆ శాసనమే గుర్తొస్తుంది. సరే, అది వేరే చర్చ.

డౌట్ల దామోదర్
సోమవారం మధ్యాహ్నం 1:10

మరి వరద బరువుకూ, జారుడుకూ, భూకంపానికీ అన్నిటికీ మెలికలే వస్తే వేరు చేసేదెట్లా?

రాళ్ళ మాస్టారు
సోమవారం సాయంత్రం 5:30

అసలు చోటుకు వచ్చావు. వట్టి మెలిక ఆకారం చూసి చెప్పలేం. చుట్టూ ఉన్న సాక్ష్యం చూడాలి.

మృత సముద్రం దగ్గర లిసాన్ అని ఒక పాత సరస్సు ఉండేది. సుమారు 70,000 ఏళ్ళ కిందట మొదలై, 15,000 ఏళ్ళ కిందటి దాకా ఉంది. దాని అడుగున ఏటా ఒక తెల్ల గీత, ఒక ముదురు గీత పడేవి. ఎండాకాలంలో నీటిలోని సున్నం తెల్లగా దిగేది, చలికాలపు వరదలు ముదురు మట్టిని తెచ్చేవి. ఒక్కో గీత మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లు. గళ్ళ లుంగీ అంచులా ఉంటుంది. ఇప్పుడు ఆ సరస్సు లేదు, ఎండిపోయిన అడుగును వాగులు కోసి నిలువు గోడలుగా నిలబెట్టాయి. ఆ గోడల్లో అక్కడక్కడా గీతలన్నీ ముక్కలై, కలగలిసిపోయిన పట్టీలున్నాయి. ష్ముయెల్ మార్కో, అమోత్స్ అగ్నోన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మసాదా కోట దగ్గర వాటిని పట్టుకొని నడిచారు. ఆ కలగలిసిన పట్టీలు కొన్ని తిన్నగా పోయి భూభ్రంశాల గట్లకు ఆనుకొని ఆగాయి. అంటే సరస్సు అడుగున నేల విరిగి ఒక వైపు కుంగింది, అదే సమయంలో పక్కనున్న మట్టి కలగాపులగమైంది. నేల విరగడమూ, మట్టి చెదరడమూ ఒకే మట్టంలో దొరికాయి. దీనికి మించిన సాక్ష్యం ఏముంటుంది? ఆ పట్టీలను లెక్కపెట్టుకుంటూ పోయి, అక్కడి 50,000 ఏళ్ళ భూకంపాల చరిత్ర రాశారు.

మన దేశంలో హిమాచల్‌లోని స్పితి లోయలో, లడఖ్‌లోని లామయూరులో కొండచరియలు నదికి అడ్డంపడి ఏర్పడిన పాత సరస్సులున్నాయి. వాటి మట్టిలోనూ ఇట్లాంటి పట్టీలు ఒకదాని మీద ఒకటి దొరుకుతాయి. హిమాలయం ఊగుతూనే ఉంటుంది కాబట్టి అక్కడ భూకంపం మీద అనుమానం పడటం న్యాయమే. పత్తికొండలో అంత సులువుగా అనుమానించలేం.

ఇక కిల్లారి. 1993 సెప్టెంబర్ 30, తెల్లవారుజామున 3:56, తీవ్రత 6.2. మీ పెద్దనాయన ఇంట్లో చెంబులు మోగి ఉంటాయి, దాంట్లో అబద్ధం లేదు. మా ఇంట్లో కూడా గోడ గడియారం ఆగిపోయింది. కానీ చెంబు మోగడం వేరు, ఇసుక పులుసు కావడం వేరు. సుమారు 5 తీవ్రత దాటితే తప్ప ద్రవీకరణం మొదలవదు. అది కూడా కేంద్రానికి దగ్గర్లోనే. 6 దాటినా కొన్ని పదుల కిలోమీటర్లకు మించి పోదు. మీ ఊరికి కిల్లారి దాదాపు 300 కిలోమీటర్లు.

చెరువుగట్టు మధు
సోమవారం రాత్రి 8:15

సార్, పెద్దనాయనకు చదివి వినిపించినా. "ఆ మాస్టారు ఆ రోజు మన ఇంట్లో లేడు కదా" అన్నాడు. మీరడిగినవన్నీ రేపు పొద్దున టేపు పట్టుకొని పోయి కొలుస్తా.

బేతంచెర్ల బండలోడు
సోమవారం రాత్రి 8:40

అగ్నిపర్వతం సంగతి ఎవరూ చెప్పలేదు. యూట్యూబ్ ఆయన చెప్పిన దాంట్లో నాకు నచ్చింది అదొక్కటే.

పెన్నేటి పద్మ
సోమవారం రాత్రి 10:05

చెప్తానన్నా, నాకు ఇష్టమైన భాగం అదే.

అగ్నిపర్వతం సరస్సు మట్టిని చాలా రకాలుగా చెదరగొడుతుంది. పేలే ముందు కింద శిలాద్రవం కదిలినప్పుడు నేల ఊగుతుంది. అది మాస్టారు చెప్పిన ఊపే. పేలినాక బూడిద పడుతుంది. అది చూడటానికి పిండిలా ఉంటుంది గానీ నిజానికి గాజు పొడి. నీళ్ళలో దిగి పేరుకుంటే, కిందున్న నీళ్ళ బురద కన్నా బరువెక్కువ. ఎన్నో ఏళ్ళలో పడాల్సిన మందం గంటల్లో పడిపోతే బురద తట్టుకోలేక మెలికలు తిరుగుతుంది, తాత చెప్పిన సంగటి ముద్ద లెక్కే.

మూడోది చూడముచ్చటగా ఉంటుంది. అగ్నిపర్వతం ఎగజిమ్మిన రాళ్ళు గాల్లో పోయి తడి పొరల మీద పడతాయి. రాయి కింద పొరలన్నీ ఊయల బట్టలా కిందికి వంగుతాయి, కొన్ని తెగుతాయి. తర్వాత పడిన పొరలు రాయి మీద దుప్పటి కప్పినట్టు చదునుగా పోతాయి. గుంట ఒక వైపు ఏటవాలుగా, ఇంకో వైపు పొరలు నెట్టుకుపోయినట్టు ఉంటే రాయి ఏ దిక్కు నుంచి వచ్చిందో కూడా చెప్పొచ్చు. అట్లాంటివి ఐదారు దొరికితే దిక్కులన్నీ కలిపి అగ్నిపర్వతం నోరు ఎటుందో వెతుక్కోవచ్చు.

ఇక వేడి లావా నేరుగా తడి మట్టిలోకి చొరబడితే నీళ్ళు ఆవిరై ఎగదన్నుతాయి. లావా పగిలి ముక్కలై మట్టితో కలిసిపోతుంది. ఆ కలగలుపు రాయిని పెపరైట్ అంటారు.

ఇప్పుడు మన జిల్లాల సంగతి. బనగానపల్లె దగ్గర జుర్రేరు లోయలో జ్వాలాపురం ఉంది కదా, ఇప్పుడది నంద్యాల జిల్లా. అక్కడ తెల్లటి మెత్తటి బూడిద పొర ఉంది. అది సుమారు 74,000 ఏళ్ళ కిందట ఇండోనేషియాలోని సుమత్రాలో పేలిన టోబా అగ్నిపర్వతం బూడిద. 2,600 కిలోమీటర్లకు పైగా గాల్లో వచ్చి పడింది. నేరుగా ఆకాశం నుంచి పడింది కొద్ది సెంటీమీటర్లే. చుట్టుపక్కల గట్ల మీద పడినదాన్ని వాననీళ్ళు పల్లానికి కడిగి తెచ్చి పోస్తే కొన్నిచోట్ల రెండు మీటర్లు దాటింది. 2007లో మైఖేల్ పెట్రాగ్లియా, రవి కోరిశెట్టర్ బృందం ఆ బూడిదకు కింద, పైన కూడా రాతి పనిముట్లు దొరికినాయని ప్రకటించింది. ప్రపంచమంతా ఆ ఊరి పేరు విన్నది అప్పుడే.

బేతంచెర్ల బండలోడు
సోమవారం రాత్రి 10:20

ఓహో ఆ తెల్లమట్టా! గిన్నెలు తోమే పొడికి దాన్ని తవ్వుకొని పోయేవాళ్ళు. అంటే మనం సుమత్రా అగ్నిపర్వతంతో పాలగిన్నె తోమినామా?

పెన్నేటి పద్మ
సోమవారం రాత్రి 10:34

తోమినాం అన్నా. గాజు పొడి కదా, బాగా తోముతుంది. అట్లా తవ్విన గుంతల గోడల్లోనే పొరలు బయటపడి శాస్త్రవేత్తలకు పని సులువైంది, మధు జేసీబీ మాదిరిగా.

ఇంకో ముక్క చెప్పి ఆపుతా. టోబా పేలినాక నేల కూలి పెద్ద గుంత పడింది, అందులో నీళ్ళు చేరి సరస్సయింది. పొడవు సుమారు 100 కిలోమీటర్లు. తర్వాత కింద శిలాద్రవం మళ్ళీ పొంగి సరస్సు అడుగును పైకి నెట్టింది. అట్లా లేచిందే సరస్సు మధ్యలో ఉన్న సమోసిర్ దీవి. ఆ దీవి మీద, ఇప్పటి నీటిమట్టానికి వందల మీటర్ల ఎత్తున, పాత సరస్సు అడుగు మట్టి ఉంది. మెలికలు పక్కన పెట్టండి, సరస్సు అడుగే కొండెక్కింది.

డౌట్ల దామోదర్
మంగళవారం ఉదయం 6:50

మరి పులివెందుల, తాడిపత్రి వైపు కూడా అగ్నిపర్వతాలు ఉండేవంటారే? అవి కూడా చెరువు మట్టినే చెదరగొట్టినాయా?

రాళ్ళ మాస్టారు
మంగళవారం ఉదయం 8:00

ఉండేవి. కానీ అక్కడ చెరువు, సరస్సు అనొద్దు. కడప హరివాణంలో, అంటే ఒకప్పటి పెద్ద పల్లంలో, మట్టి చాలావరకు లోతు తక్కువ సముద్రంలో పడింది. మన బండలన్న కోసే సున్నపురాయి కూడా సముద్రం అడుగే. పులివెందుల దగ్గర ఆ పొరల మధ్యకు దూరిన శిలాద్రవపు పలక వయసు సుమారు 188 కోట్ల ఏళ్ళు. దాని వేడికి పక్కనున్న సున్నపు పొరలు మారిపోయి రాతినార (ఆస్బెస్టాస్) పుట్టింది. తాడిపత్రి పొరల్లో అగ్నిపర్వత బూడిద గట్టిపడి రాయైన పట్టీలున్నాయి. ఇదంతా జరిగినప్పుడు భూమ్మీద చెట్టు లేదు, పురుగు లేదు. మధు చెరువుతో దానికి చుట్టరికం కలపొద్దు.

గుత్తి గొర్లకాపరి
మంగళవారం ఉదయం 11:45

టైపు చేసేది మా పాప. నేను చెప్తావుంటే రాస్తాది.

అందరూ పెద్దపెద్ద మాటలు చెప్తావుండారు. నాదొక మాట. చెరువు నీళ్ళు దిగిపోయేటప్పుడు వాగు మూల చివరిదాకా తడి ఉంటాది. ఎండకు తాళలేక ఎనుములన్నీ ఆడనే చేరతాయి. మోకాలి లోతు బురదలో రోజంతా తొక్కుతాయి, పొర్లుతాయి. మా గొర్రెలు కూడా ఆడనే దిగుతాయి. ఆ తొక్కుడుకు అడుగు అడుగులా ఉంటాదా? మళ్ళీ వానొచ్చి ఇసుక పడితే గిట్ట గుంతల్లో ఇసుక నిండుతాది. పైన చదునైపోతాది. ఇది యాడా రాసుండదా సార్?

రాళ్ళ మాస్టారు
మంగళవారం మధ్యాహ్నం 12:10

రాసి ఉంది అన్నా, రాసి ఉంది. రాక్షసబల్లులు తొక్కిన తడి నేలలను కూడా మొదట్లో వేరేగా పొరబడినవాళ్ళున్నారు. నేను మర్చిపోయాను. సిగ్గుగా ఉంది.

సెంట్రింగ్ ఖాజా
మంగళవారం మధ్యాహ్నం 12:30

స్లాబ్ పోసిన రాత్రి కుక్క నడిచిపోతే ఏమవుతుందో నన్నడగండి.

చెరువుగట్టు మధు
మంగళవారం రాత్రి 9:00

పొద్దున టేపు, పార, నీళ్ళ బాటిల్ పట్టుకొని పోయినా. ఖాళీగా ఉన్న పిల్లలు ఎనిమిది మంది వెంట వచ్చినారు.

మెలికల పట్టీ వాగు నోటి దగ్గర బాగా ఉంది. కట్ట వైపు పోయేకొద్దీ పలచబడి, పద్దెనిమిది అడుగుల దగ్గర పూర్తిగా మాయమైంది. చెరువు అవతలి వైపు గుంతలో అదే మట్టంలో చూసినా, ఏమీ లేదు, అంతా చదునే. పట్టీ పై అంచు చదునుగానే ఉంది, మెలికలు పై పొరలోకి ఎక్కలేదు. వాలు పెద్దగా లేదు.

ఒకచోట మాత్రం కొత్తది కనపడింది. పట్టీకి పక్కనే, వేలు వెడల్పు ఇసుక గీత నల్లమట్టిని నిలువునా చీల్చుకొని ఉంది. భూకంపం వస్తే ఇసుక కింది నుంచి పైకి చిమ్ముతుందని పిల్లల్లో ఒకడు ఫోన్లో చూసి చెప్పినాడు. ఆ మాటతో పెద్దనాయనకు మళ్ళీ ఊపొచ్చింది.

ఇంకోటి. మెలికల పట్టీకి జానెడు కింద, చదును మట్టిలో అడ్డంగా పడుకొని ఒక షాంపూ ప్యాకెట్ దొరికింది. దాని మీద తయారీ సంవత్సరం 2011 అని ఉంది.

బేతంచెర్ల బండలోడు
మంగళవారం రాత్రి 9:04

కిల్లారి కేసు కొట్టేసినారు. సాక్షి షాంపూ ప్యాకెట్.

ఇరిగేషన్ తాత
మంగళవారం రాత్రి 9:20

నేను మనసులో 2009 అక్టోబర్ వరద అనుకుంటున్నా, కర్నూలు మునిగినప్పటిది. ప్యాకెట్ అడ్డుపడింది. పోనీలే.

రాళ్ళ మాస్టారు
మంగళవారం రాత్రి 9:45

మధూ, రెండు అడ్డు ప్రశ్నలు. ప్యాకెట్ ఎండాకాలపు నెర్రెలో పడి కిందికి దిగిందా, లేక పొరతో పాటే పడిందా? నల్లరేగడిలో నెర్రెలు మూరెడు లోతు సులువుగా పోతాయి. రెండోది, ఆ నిలువు ఇసుక గీత ఎటు వెడల్పుగా ఉంది? పైనా, కిందా?

అబ్బాయి ఫోన్లో చూసింది నిజమే. 2001 జనవరి 26న భుజ్ భూకంపంలో కచ్ రణ్‌లో నేల చీలి ఇసుక, ఉప్పునీళ్ళు ఫౌంటెన్లలా చిమ్మాయి. 1934 జనవరి 15న బీహార్‌లో పొలాల మీద అట్లాగే ఇసుక పరుచుకుంది. అట్లాంటి గీత కింది ఇసుక పొరతో అతుక్కొని ఉంటుంది, పైకి పోయేకొద్దీ సన్నబడటమో, పైన నేల మీద కుప్పగా పరుచుకోవడమో జరుగుతుంది. పక్క మట్టి అంచులు పైకి వంగుతాయి. నెర్రెలో నిండిన ఇసుకకు ఇదంతా తలకిందులు.

చెరువుగట్టు మధు
బుధవారం ఉదయం 8:30

ఇప్పుడే చూసొచ్చినా సార్. గీత పైన రెండు వేళ్ళు, కిందికి పోయేకొద్దీ సన్నబడి దారం అయిపోయింది. కింద ఇసుక పొర దాకా చేరనేలేదు. నెర్రెనే.

ప్యాకెట్ చుట్టూ మట్టిలో చీలిక లేదు. దాని మీద గీతలు తెగకుండా అడ్డంగా పోతున్నాయి. పొరతో పాటే పడినట్టుంది.

పెన్నేటి పద్మ
బుధవారం ఉదయం 9:10

మధూ, చాలా బాగా చూసినావు. ఒక సాయం చేస్తావా? మెలికల పట్టీలో నుంచి ఇటుకంత దిమ్మ కోసి, ఏది పైనో బాణం గీసి, గోనెసంచిలో చుట్టి పెట్టు. కర్నూలు వచ్చినప్పుడు తీసుకుంటా. మా జూనియర్లకు చూపించాలి.

చెరువుగట్టు మధు
బుధవారం ఉదయం 9:15

పెడతా అక్కా. తొందరగా కోయాలి, మధ్యాహ్నం ఆ గోడ వైపే ట్రాక్టర్లు వస్తున్నాయి.

చెరువుగట్టు మధు
ఆ పై ఆదివారం సాయంత్రం 6:40

పద్మక్కా, ముందు క్షమించు. దిమ్మను నీడలోనే పెట్టినా గానీ మా అమ్మ పప్పు ఎండబెట్టేదానికని గోనెసంచి లాక్కున్నది. ఎండకు దిమ్మ పగిలి నాలుగు ముక్కలయింది. గోడ కూడా లేదు, బుధవారమే తోలేసినారు.

కానీ ఫోటోలు చూడండి, ఈసారి పక్కన పెన్ను పెట్టినా. నల్లమట్టి ఎండి ముడుచుకుంటే లోపలున్న ఇసుక ముద్ద ఊడి చేతిలోకొచ్చింది. అడుగు భాగం చూస్తే మధ్యలో గాడి, రెండు వైపులా రెండు బొటనవేళ్ళలా ఉబ్బులు. మట్టి ముక్కలో దానికి సరిపోయే గుంత. రెండూ కలిపితే తాళం, తాళంచెవిలా కూర్చుంటున్నాయి. ఆ పక్కనే చిన్నది ఇంకోటి సగం ఉంది.

మా పెద్దనాయన చేతిలోకి తీసుకొని తిప్పి తిప్పి చూసినాడు. ఏమీ అనలేదు.

గుత్తి గొర్లకాపరి
ఆదివారం రాత్రి 7:30

పెద్దది ఎనుముదే. ఆవు గిట్టయితే ఇంత వెడల్పు పరుచుకోదు. చిన్నది దూడది, తల్లి వెనకాలే దిగినట్టుంది.